థెల్మా చూడని రాజు

ఇంగ్లండు తూర్పు తీరాన మా వెల్‌మార్ష్‌లో, ఆ కాలం నాటి వాళ్ళలో జాన్ రాజు డాక్యుమెంటరీని చూడనిది ఒక్క థెల్మా హర్న్ మాత్రమే. విచిత్రమేమిటంటే, అందులో రాజు వేషం కట్టి, గుర్రమెక్కి, సముద్రపు పాయలోకి దిగిన మనిషి ఆవిడ మొగుడే.

చూడకపోవడానికి కారణం పెద్దదేమీ కాదు. 1969 మే నెలలో ఆ డాక్యుమెంటరీ టీవీలో వచ్చిన సాయంత్రం ఊరంతా చెకర్స్ పబ్బులో టీవీ ముందు చేరితే, థెల్మా విజ్‌బీచ్ ఆసుపత్రిలో నొప్పులు పడుతోంది. ఆడపిల్ల పుట్టింది. మర్నాడు సిరిల్ చేతినిండా తులిప్ పూలతో వచ్చాడు. పిల్లను ఎత్తుకున్నాడు, అచ్చం నీ ముక్కే అన్నాడు, డెనీస్ అని పేరు పెడదామన్నాడు. ఆ తర్వాత మంచం పక్కన కుర్చీ లాక్కుని, తాను గుర్రాన్ని నీళ్ళలోకి ఎలా నడిపాడో చెప్పడం మొదలుపెట్టాడు. నీళ్ళు గుర్రం పొట్ట దాకా వచ్చాయట. కళ్ళెం ఒక్క చేత్తోనే పట్టుకున్నాడట. వెన్ను నిటారుగా పెట్టి, వెనక్కి ఒక్కసారి కూడా తిరిగి చూడకుండా అలా వెళ్ళిపోయాడట.

"మీ నాన్న కూడా అక్కడే ఉన్నాడు. ఒక్క మాటంటే ఒక్క మాట అన్లేదు తెలుసా" అన్నాడు చివర్న.

ఆ చివరి మాట విన్నాకే థెల్మాకు తక్కినదంతా నిజమని నమ్మకం కలిగింది.

ఎందుకంటే వాళ్ళ నాన్న వాల్టర్ పాస్క్ ఒక్క మాట అనకుండా ఊరుకునే మనిషి కాదు. గుర్రాలు పెంచి అమ్మడం వాళ్ళకు తాతల నాటి పని. థెల్మా ఐదేళ్ళప్పుడే జీను లేకుండా గుర్రమెక్కి కరకట్ట మీద తిరిగేది. యాభైమూడులో సముద్రం కట్ట తెంచుకుని ఊరి మీద పడ్డప్పుడు, పదకొండేళ్ళ పిల్ల, నడుము లోతు నీళ్ళలో ఆడగుర్రాన్ని నడిపించుకుంటూ వెళ్ళి, పైకప్పెక్కి కూర్చున్న స్నీత్ ముసలమ్మను దాని వీపు మీద ఎక్కించుకుని తెచ్చింది. అలాంటి పిల్ల చివరికి ఎవర్ని చేసుకుందయ్యా అంటే, ట్రాక్టరు తోలే సిరిల్ హర్న్‌ను. స్పాల్డింగ్ పూల ఊరేగింపుకు బళ్ళ మీద తులిప్ పూలు గుచ్చుతుంటే పరిచయమైంది. పొడుగు మనిషి. భుజాలు కాస్త ముందుకు వంగి ఉండేవి, ఎక్కడ గుమ్మం తలకు తగులుతుందోనని జాగ్రత్తపడుతున్నట్టు. నెమ్మదస్తుడు. ఏడేళ్ళప్పుడు ఒక గుర్రం తన్నిందట, అప్పట్నుంచి గుర్రపుశాల ముందు నుంచి నడవాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాడు.

వాల్టర్ దాన్ని చాలాకాలం క్షమించలేదు. పెళ్ళినాడే అందరి ముందూ గ్లాసు ఎత్తి, ట్రాక్టరుకు గడ్డి వేసేవాడికి పిల్లనిచ్చానని చెప్పాడు. అది మొదలు ప్రతి ఆదివారం భోజనాల దగ్గర ఏదో ఒక పోటు పొడవాల్సిందే. మాంసం ముక్క కోసి అల్లుడి పళ్ళెంలో వేస్తూ, "భయపడకు, ఇది తన్నదులే, ఎద్దు మాంసం" అనేవాడు. సిరిల్ నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూడలేక థెల్మా పళ్ళేలు తియ్యడానికి లేచేది.

డాక్యుమెంటరీ తీసినవాళ్ళు అరవై ఎనిమిది అక్టోబరులో వచ్చారు. ఏడువందల యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండును ఏలిన జాన్ రాజు సామాను బళ్ళు, కిరీటాలు, వెండి గిన్నెలు మా వైపు బురదలోనే సముద్రపు పోటు వచ్చి మునిగిపోయాయి కదా, ఆ కథ తీస్తామన్నారు. ఊళ్ళో వాళ్ళకు గోనె బట్టలు కట్టి బంట్లను చేశారు. గుర్రాలన్నీ వాల్టర్ ఇచ్చాడు. రాజు వేషానికి లండన్ నుంచి తెచ్చిన నటుడు మొదటిరోజే బురదలో జారి మడమ బెణికించుకున్నాడు. మొహం కనిపించేవి తర్వాత గదిలో తీసుకుంటాం, వెనకనుంచి కనిపించే స్వారీకి మాత్రం అదే ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు కావాలని వెతికితే, గుంపులో అందరికన్నా ఎత్తుగా సిరిల్ తల కనిపించింది. గుర్రమెక్కడం వచ్చా అని అడిగారు. పక్కనే మామగారు నిలబడి ఉన్నాడు. వచ్చు అన్నాడు సిరిల్.

ఆ రోజు థెల్మా అక్కడ లేదు. విజ్‌బీచ్‌లో కూరగాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పని. రెండో నెల వేవిళ్ళతో, క్యారెట్ల వాసన తగిలినప్పుడల్లా బయటికి పరిగెత్తుతోంది. సాయంత్రం ఇంటికొచ్చి కూర్చుందో లేదో, వాళ్ళ నాన్న బూట్లు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ళ పైదాకా తడిసి ఉన్నాడు.

"నీ మొగుడు పర్వాలేదే" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

ఆయన నోటి నుంచి సిరిల్ గురించి వచ్చిన మొదటి మంచిమాట అది. ఆ తర్వాత ఆదివారాల్లో పోట్లు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో తనకు స్పష్టంగానే తెలుసనుకుంది థెల్మా. పాయ దగ్గర ఏం జరిగిందని సిరిల్‌ను అడిగితే మాత్రం, టీవీలో చూద్దువుగానిలే అని దాటేశాడు.

బిడ్డతో ఇంటికొచ్చాక, పిల్లను చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ ఉయ్యాల్లోకి ఒక్కసారి తొంగిచూసి, టీ కప్పు అందుకుని, డాక్యుమెంటరీ సంగతి ఎత్తేవారు. బడిపంతులు డాకింగ్ గారు అందులో తొమ్మిది తప్పులు పట్టారు. మొదటి తప్పు ఏమిటంటే, అసలు రాజు నీళ్ళలోకి దిగనే లేదు, బళ్ళను ఇటు పంపి తాను విజ్‌బీచ్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాడు. తొమ్మిదీ రాసి టీవీ వాళ్ళకు పంపిస్తే రెండు వరుసల జవాబొచ్చింది. చర్చి ఫాదర్‌కు, ఊరిని దేవుడు మర్చిపోయిన బురద అన్నారని కోపం. సిరిల్ తల్లికి, కొడుకు కప్పుకున్న బొచ్చు శాలువాలో పేలు ఉండి ఉంటాయని బెంగ. పబ్బు నడిపే హెర్బ్ కమాక్, రాజంటే రాజేనమ్మా అని చేతులు తిప్పాడు. పక్కింటి ఒలివ్ స్నీత్, థెల్మాతో ఫ్యాక్టరీలో ఒకే బల్ల దగ్గర పనిచేసేది, పిల్లను భుజాన వేసుకుని ఊపుతూ, "ఏం యాక్టింగే తల్లీ, నాకైతే ఏడుపొచ్చింది" అంది. గుర్రం మీద కూర్చుని వీపు చూపించడంలో యాక్టింగ్ ఏముంటుందో థెల్మాకు అర్థం కాలేదు. అయినా ముచ్చటగానే అనిపించింది.

టీవీలో మళ్ళీ వేస్తారులే అనుకున్నారు. వెయ్యలేదు. కొన్నేళ్ళకు డాకింగ్ గారే మరో ఉత్తరం రాస్తే, ఆ టేపుల మీద వేరే కార్యక్రమాలు ఎక్కించేశామని చెప్పారు. అప్పటికి ఊరి చుట్టుపక్కల చక్కెరదుంపల పొలాల్లో పారలు పట్టుకుని తిరిగే నిధి పిచ్చివాళ్ళు తప్ప డాక్యుమెంటరీ గుర్తులేవీ మిగల్లేదు. మిగిలిందల్లా జనం నోళ్ళలోనే.

ఆ నోళ్ళలోంచి విన్నవన్నీ కూడగట్టి థెల్మా తనకో డాక్యుమెంటరీ తయారుచేసుకుంది. ఫ్యాక్టరీ బల్ల దగ్గర బఠాణీల్లో రాళ్ళు ఏరుతూ, తర్వాత బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనాలు వడ్డిస్తూ, దాన్ని లోపల వేసుకుని చూసుకునేది. అందులో బూడిదరంగు నీళ్ళు, పైన నీటికొంగల గుంపు, నడుమ తెల్లగుర్రం మీద సిరిల్. ఆ వంగిన భుజాలు ఆ ఒక్క రోజు మాత్రం వంగలేదు. అసలు డాక్యుమెంటరీలో ఆ ఘట్టం ఎంతసేపు ఉందో ఆమెకు తెలియదు. ఆమె లోపల మాత్రం చాలాసేపు నడిచేది.

ఊళ్ళో సిరిల్‌కు రాజుగారనే పేరు స్థిరపడిపోయింది. రాజుగారూ, మురిక్కాలవ పూడుకుపోయింది, కాస్త పార అందుకోండి అనేవారు. ఆయన పార అందుకునేవాడు. వాల్టర్ ఎనభై ఒకటిలో పోయాడు. ఆఖరి రోజుల్లో ఆయనను పక్క మీదినుంచి లేపి కూర్చోబెట్టేదీ, గడ్డం గీసేదీ అల్లుడే. గుర్రాలు అమ్మేశారు. రెండువేల మూడు ఏప్రిల్‌లో సిరిల్ కూడా, ఛాతీలో జలుబు చేసిందంటూ పడుకుని, వారం తిరక్కుండా పోయాడు. శవపేటిక మీద ఊరివాళ్ళు పసుప్పచ్చ తులిప్ పూలతో అల్లిన కిరీటం పెట్టారు. మనవలకు థెల్మా ఆ కిరీటం కథ చెప్పేది. మీ తాత గుర్రమెక్కి సముద్రంలోకి వెళ్ళాడర్రా, ఊరంతా నోరు తెరుచుకుని చూసింది, అనేది.

రెండువేల పదహారుకు ఆ బళ్ళు మునిగి సరిగ్గా ఎనిమిదివందల ఏళ్ళు. ఆ ఏడు వేసవిలో లింకన్ నుంచి ఫిలిప్పా అనే ఆవిడ ఫోన్ చేసింది. పాత ఫిల్ములు భద్రపరిచే కార్యాలయంలో ఉద్యోగం. అప్పటి కెమెరామన్ ఇంటి అటకమీద ఒక రేకు డబ్బా దొరికిందనీ, అందులో ఉన్నది వెల్‌మార్ష్ డాక్యుమెంటరీయేననీ, అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం మీ ఊరి హాల్లోనే వేస్తామనీ చెప్పింది.

విషయం తెలిసిన దగ్గర్నుంచి ఊళ్ళో పాతవాళ్ళ నడత థెల్మాకు వింతగా తోచింది. అప్పట్లో పబ్బులో కూర్చుని చూసినవాళ్ళు ఏడుగురో ఎనిమిదిమందో మిగిలారు. సంతోషించాల్సింది పోయి వాళ్ళకేదో దిగులు పట్టుకున్నట్టుంది. వృద్ధాశ్రమంలో ఉన్న హెర్బ్, ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆ డాక్యుమెంటరీ మహా విసుగు, థెల్మాను రావద్దని చెప్పండి అని కబురు పంపాడు. ఒలివ్ రోజుకో కారణంతో కంచె దగ్గరికి వచ్చేది. ఒకరోజు హాల్లో చలి అంది. ఇంకోరోజు ఆ కుర్చీల మీద నడుం పడిపోతుందంది. ఫిల్మంతా గీతలుపడి ఏమీ కనిపించదటే, ఎవరో చెప్పారు అంది మరోరోజు.

"నన్ను రానివ్వకూడదని కంకణం కట్టుకున్నావేంటే?" అని అడిగింది థెల్మా.

"నాకెందుకు కంకణాలు? నీ ఆరోగ్యం కోసం చెప్తున్నా" అని ఒలివ్ ఆరేసిన దుప్పటి చాటుకు వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే వెళ్ళాలని థెల్మాకూ పెద్దగా లేదు. తన దగ్గరున్నది తనకు చాలు. నలభై ఏడేళ్ళు వాడుకున్న వస్తువును ఇంకొకరు తెచ్చిన కొత్తదానితో మార్చుకోవడం దేనికని లోపల ఒక బెరుకు. పీటర్‌బరో నుంచి వచ్చిన డెనీస్ వినలేదు.

"నేను పుట్టడం వల్లే కదమ్మా నువ్వు చూళ్ళేదు. ఇన్నేళ్ళూ ఆ తప్పు నా నెత్తినే ఉంది. పద, ఇవాళతో దించేద్దాం" అని కోటు తీసి తొడిగింది.

హాలు కిటకిటలాడింది. వెనక బల్లమీద టీ కెటిళ్ళు, పంది మాంసం పైలు, వెన్న రాసిన ఎండుద్రాక్ష రొట్టెలు. థెల్మాకు ముందు వరసలో కుర్చీ వేశారు. ఒలివ్ వచ్చి పక్కన కూర్చుంది గానీ తల తిప్పలేదు. హెర్బ్‌ను చక్రాల కుర్చీలో తెచ్చి గోడవారగా పెట్టారు. కర్టెన్లు లాగారు.

మొదట్లో కుర్రకారు నవ్వింది. వ్యాఖ్యానం చెప్పే ఆయన నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకున్నట్టు మాట్లాడుతున్నాడు. జాన్ రాజు అన్నను ఎలా మోసగించాడో, పన్నులతో జనాన్ని ఎలా పీల్చాడో చెప్తుంటే ఎవరికీ పట్టలేదు. ఎప్పుడైతే తెరమీద వెల్‌మార్ష్ కనిపించిందో హాలంతా కదిలింది. అదిగో పాత చెక్క వంతెన. అదిగో బేకరీ, దాని గోడమీద సబ్బు ప్రకటన. రాజు బంట్లు బళ్ళు తోసుకుంటూ వస్తున్నారు. వాళ్ళలో ఎవరికీ బంటు మొహం లేదు, అందరికీ వెల్‌మార్ష్ మొహాలే. మా నాన్న అని ఒకరు, మా రెజ్ బాబాయి, చూడు బురదలో కూడా సిగరెట్ ఆర్పలేదు అని ఇంకొకరు. ఒకాయన లేచి నిలబడ్డాడు. మీ అమ్మ కనిపించిందా అని పక్కవాడు మెల్లగా అడిగి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

ఇప్పుడు అక్కడ గోధుమ పొలాలు. అప్పట్లో అదంతా ఉప్పు పర్ర, పోటుకు మునిగి తేలే బురదనేల. కట్ట ఇంకా ఇవతలే ఉండేది. గడ్డి మధ్య పాముల్లా మెలికలు తిరిగిన పాయలు, వాటిలో మెరిసే నీళ్ళు. థెల్మాకు చిన్నప్పటి బురద వాసన ముక్కు దాకా వచ్చింది. ఆ పాయ దగ్గర తను గుర్రాన్ని దూకించేది. ఆ మలుపులో నాన్న నిలబడి, కాళ్ళు బిగించవే అని అరిచేవాడు.

అప్పుడు రాజు వచ్చాడు.

తెల్లగుర్రం. నల్లటి అంగవస్త్రం. ఆ వీపు ఎవరిదో థెల్మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముప్ఫైతొమ్మిదేళ్ళు పక్కన పడుకున్న వీపు. భుజాలు వంగే ఉన్నాయి. గుర్రం నీళ్ళలోకి ఒక అడుగు, రెండడుగులు, మూడు వేసింది. నాలుగోది వేసేసరికి వీపు పక్కకు ఒరిగింది. రెండు చేతులూ కళ్ళెం వదిలేసి గుర్రం మెడను కావలించుకున్నాయి. ఒక కాలు రికాబులోంచి ఊడి గాల్లో తన్నుకుంటోంది. అంగవస్త్రం లేచి నెత్తిమీద పడింది. తెరమీద ఉన్నది రాజు కాదు, గుర్రం మీద వేసిన తడి దుప్పటి మూట. గుర్రానికి విసుగొచ్చి దానంతట అది వెనక్కి తిరగబోయింది.

వ్యాఖ్యాత గంభీరంగా చెప్పాడు. అప్పటికే రాజును జబ్బు గట్టిగా పట్టుకుంది, జీను మీద కూర్చునే శక్తి కూడా లేదు, అని.

అంతలో గోనె ముసుగు వేసుకున్న బంటొకడు పక్కనుంచి నీళ్ళలోకి దిగాడు. తొడల లోతు నీళ్ళు తోసుకుంటూ వచ్చి, ఒక చేత్తో కళ్ళెం పట్టుకున్నాడు. రెండో చెయ్యి పైకి చాచి, రాజు నడుముపట్టీ వెనకనుంచి గట్టిగా ఒడిసి పట్టాడు. పట్టి, అలా నిలబెట్టి, గుర్రాన్ని ముందుకు నడిపించాడు. రాజు పడలేదు. ముగ్గురూ, గుర్రమూ రాజూ బంటూ, నీళ్ళలో కొంత దూరం వెళ్ళారు. బంటు తల ఒకసారి పక్కకు తిప్పాడు. అది వాల్టర్ పాస్క్.

మొత్తం అరనిమిషం కూడా లేదు. తర్వాత తెరమీదికి దేశపటాలొచ్చాయి.

హాల్లో కొత్తవాళ్ళకు ఏమీ తెలియదు. ఎవరో ఒకావిడ, పాపం, ఎంత జబ్బుతో ఉన్నాడో చూడు అని పిల్లకు చెప్పింది. పాతవాళ్ళు మాత్రం తెర చూడటం మానేసి థెల్మా వీపు వంక చూస్తున్నారు. ఆ వీపు కదులుతోంది. డెనీస్ కంగారుపడి తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసింది. దగ్గరికి వంగి చూస్తే, థెల్మా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తర్వాత నవ్వు ఆగింది గానీ నీళ్ళు ఆగలేదు.

తెరమీద, న్యూఅర్క్ కోటలో రాజు చచ్చిపోయాడు. దీపాలు వెలిగాయి. ఎవరో లేచి, రాజు అసలు ఆ దారినే రాలేదు కదా అని ఫిలిప్పాను అడిగారు. ఇంకెవరో, పన్నులు వెయ్యని రాజెవడండీ, ఊరికే ఆ ఒక్కడి మీదే పడతారు అని జాన్ రాజు తరఫున వాదించారు. థెల్మా అవేవీ వినలేదు. టీ తీసుకుని ఒలివ్‌ను గోడ దగ్గరికి, హెర్బ్ కుర్చీ పక్కకు లాక్కెళ్ళింది.

"చెప్పు."

ఒలివ్ కప్పులో చక్కెర కలుపుతూనే ఉండిపోయింది. ఆవిడ చక్కెర మానేసి పదేళ్ళయింది.

"చెప్పేసెయ్, ఒలివ్. ఇంకేం మిగిలింది గనక" అన్నాడు హెర్బ్.

అప్పుడు చెప్పింది. డాక్యుమెంటరీ వచ్చిన సాయంత్రం సిరిల్ కూడా పబ్బులోనే ఉన్నాడు. ఆ రోజుల్లో మగవాళ్ళను కాన్పు గది దరిదాపులకు రానిచ్చేవారు కాదు, ఫోన్ చేస్తాం పొమ్మన్నారు. తీసిన రోజు బళ్ళ వెనక దూరంగా ఉండి సరిగా చూడని జనం, ఆ ఘట్టం రాగానే బల్లలు చరుస్తూ నవ్వారు. ఒకడు నవ్వు ఆపుకోలేక కుర్చీ మీదినుంచి పడ్డాడు. సిరిల్ మొహం టమాటా పండులా అయింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. హెర్బ్ తీసి, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అని అరిచాడు. అందరూ మళ్ళీ కేకలేశారు. కేకలు తగ్గాక సిరిల్ లేచి నిలబడ్డాడు.

"టోపీ చేతిలో పట్టుకుని నలుపుతున్నాడే" అంది ఒలివ్. "పొద్దున్నే థెల్మా దగ్గరికి వెళ్ళాలి, నేను బాగానే స్వారీ చేశానని చెప్దామనుకుంటున్నా, మీలో ఎవరికైనా అభ్యంతరమా, అన్నాడు. అంతే అన్నాడు. అందరం మీ నాన్న వైపు చూశాం. చెప్తే ఆయనే చెప్పాలి కదా."

"నాన్న ఏమన్నాడు?"

ఒలివ్ జవాబు చెప్పేలోపు హెర్బ్ అందుకున్నాడు. యాభై ఏళ్ళ కిందటి వాల్టర్ గొంతు ఆ ముసలి గొంతులోంచి బయటికొచ్చింది.

"'ఈ కుర్రాడు బ్రహ్మాండంగా స్వారీ చేశాడు. నేను పక్కనే ఉండి చూశాను. కాదనేవాడు ఎవడైనా ఉంటే ఇప్పుడే లేచి నాతో చెప్పండి.' అని, అల్లుడికి ఒక గ్లాసు పొయ్యమన్నాడు నన్ను. ఆయన ఇంకొకడికి పోయించడం నేను చూసింది అదొక్కసారే."

మా ఊళ్ళో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఫాదర్ గారి పెంపుడు పిల్లి ఈనిందంటే మధ్యాహ్నానికి అవతలి ఊరికి తెలుస్తుంది. అలాంటి ఊరు నలభై ఏడేళ్ళు ఈ ఒక్క సంగతినీ కడుపులో పెట్టుకుంది. నార్విచ్ నుంచి ఎవరో ముసలావిడ టీవీ వాళ్ళకు ఉత్తరం కూడా రాసిందట. జబ్బుపడ్డ నా భర్తను మూడేళ్ళు చూసుకున్నాను, శక్తి చాలని మనిషి సరిగ్గా అలాగే పట్టుకుంటాడు, ఆ నటుడెవరో నా నమస్కారాలు చెప్పండి, అని. వాళ్ళు దాన్ని పబ్బు చిరునామాకు పంపారు. హెర్బ్ దాన్ని సీసాల వెనక దాచి, ప్రతి ఏడూ సిరిల్ పుట్టినరోజుకు, థెల్మా లేకుండా చూసి పైకి చదివేవాడు. పబ్బు మూసేసినప్పుడు ఆ కాగితం ఎటో పోయింది.

ఆ సాయంత్రం థెల్మా మామూలుగానే ఉంది. మర్నాటి నుంచి మాత్రం రెండురోజులు ఎవరికీ తలుపు తియ్యలేదు. కోపం సిరిల్ మీద కాదు. ఆయనకు గుర్రమంటే ఎంత భయమో ఆమెకు పెళ్ళికి ముందే తెలుసు, ఆ భయంతో సహా ఆయన్ను చేసుకుంది. నాన్న మీదా కాదు. మోకాళ్ళ పైదాకా తడిసి గుమ్మంలో నిలబడ్డ ఆయన్ను తలుచుకుంటే, ఆ తడి ఎక్కడిదని అప్పుడు అడగాలని కూడా తోచలేదే అనిపించింది. కోపమంతా ఊరి మీద. ఊరంతా ఒక గదిలో కూర్చుని చూసిన దానికి తానొక్కతే బయట నిలబడిపోయింది. లేని వీరుణ్ణి మనవలకు చెప్పుకుంటుంటే వీళ్ళంతా తలలూపారు. తలలూపి, ఇంటికెళ్ళి నవ్వుకున్నారేమో.

మూడోరోజు ఒలివ్ వెనక గుమ్మం దగ్గర ఎముకల పులుసు గిన్నె పెట్టి, తలుపుతో మాట్లాడింది. "ఎవ్వరూ నవ్వలేదే. మొదటి రోజు నవ్వాం, అంతే. ఆ తర్వాత ఒక్కరు కూడా నవ్వలేదు. కావాలంటే కొట్టు, గిన్నె మాత్రం తీసుకో, చల్లారిపోతోంది."

కాసేపయ్యాక తలుపు తెరుచుకుంది. "ఉప్పు వేశావా?" అని అడిగింది థెల్మా.

"వేశా."

"నువ్వెప్పుడూ తక్కువే వేస్తావు. లోపలికి రా."

ఆ వారంలోనే థెల్మా లింకన్‌కు ఫోన్ చేసింది. ఆ ఫిల్మును మళ్ళీ చూడాలి, నెమ్మదిగా, ఆపి ఆపి చూడాలి అంది. ఫిలిప్పాకు కూడా పనుంది. డబ్బామీద అతికించే చీటీలో కనిపించినవాళ్ళ పేర్లు రాయాలి, ఎవరి పేరూ తెలియదు. అలా ఆవిడ బుధవారాల్లో కంప్యూటర్ పట్టుకుని థెల్మా వంటింటికి రావడం మొదలైంది. మొదటి బుధవారం ఫిలిప్పా ముసాయిదా చీటీ చూపించింది. జాన్ రాజు, వెనకనుంచి: గుర్తుతెలియని నటుడు, అని ఉంది. థెల్మా కళ్ళజోడు పెట్టుకుని దాన్ని చదివి, కలం అడిగి, ఆ మాటలు తనే కొట్టేసింది.

"సిరిల్ హర్న్ అని రాయండి. వెల్‌మార్ష్, ట్రాక్టరు డ్రైవరు."

"మరి కళ్ళెం పట్టుకున్నాయన?"

"వాల్టర్ పాస్క్. రాజుగారి మామగారు."

ఫిలిప్పా తలెత్తి చూసింది. చరిత్రలో జాన్ రాజు మామగారు వేరే ఆయన, ఆ సంగతి థెల్మాకూ తెలుసు. అయినా ఆ మాట మార్చనివ్వలేదు.

ఆ అరనిమిషాన్ని వాళ్ళు ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. థెల్మా ప్రతిసారీ ఆ చేతినే చూసేది. నడుముపట్టీని ఒడిసి పట్టిన మోటు చెయ్యి, పిల్లప్పుడు తనను జీను మీదికి ఎగరేసిన చెయ్యి. ఎక్కడా చిరాకు లేదు అందులో. బెదిరిన గుర్రాన్ని పట్టుకున్నప్పుడు ఎంత నెమ్మదిగా ఉండేదో అంత నెమ్మదిగా ఉంది. ఆమె లోపల ఉండే ఆ పాత డాక్యుమెంటరీలో నిటారు వీపుతో ఒంటరిగా వెళ్ళే రాజు మెల్లమెల్లగా కనిపించడం మానేశాడు. అతని కోసం ఆమె పెద్దగా బెంగపడలేదు. మనవలు వచ్చినప్పుడు కథ సరిదిద్ది చెప్పింది. కొత్త కథ వాళ్ళకు ఎక్కువ నచ్చింది. చిన్నవాడు అంగవస్త్రం నెత్తిన పడ్డ ఘట్టం మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

రెండో బుధవారానికి ఒలివ్ చేరింది. మూడో బుధవారానికి హెర్బ్‌ను తెచ్చారు. జున్ను, ఎండుద్రాక్ష రొట్టె, టీ మీద టీ. తెరను ఆపి, ముక్కులు చూసి, నడక చూసి, టోపీ పెట్టుకున్న తీరు చూసి ఒక్కొక్కరినీ పోల్చారు. వీడు వంతెన దగ్గర ఇంటివాడు, ఈమె తర్వాత డెర్బీ వెళ్ళిపోయింది, ఈ పిల్ల బతికుంటే ఇప్పటికి అరవై. కొందరి పేరు దొరికినప్పుడు ఒలివ్ మళ్ళీ టీ పెట్టడానికి లేచేది. క్రిస్మస్ నాటికి నలభై మూడు పేర్లయ్యాయి, నాలుగు గుర్రాల పేర్లతో కలిపి.

నాలుగో బండి వెనక నడిచే ఒక మనిషి మాత్రం మిగిలిపోయాడు. చలికి మెడ ముడుచుకుని, బండి చెక్కను ఒక చేత్తో పట్టుకుని నడుస్తాడు. వాడు తన పెద్దమ్మ కొడుకు టెడ్ అని ఒలివ్ అంటుంది. టెడ్ అప్పుడు ఓడల్లో ఉన్నాడు, నాకు సింగపూర్ నుంచి కార్డు కూడా రాశాడు అని హెర్బ్ అంటాడు. ఓడ దిగి వచ్చి ఉండకూడదా అని ఒలివ్. బొమ్మను ఇంకాస్త పెద్దది చెయ్యమ్మా అని ఫిలిప్పాకు చెప్పి థెల్మా కుర్చీ ముందుకు జరుపుకుంటుంది.